మొగ్గు తెలిసిన సాక్ష్యం: కృష్ణపదార్థ హేలోలు - ఒక ప్రమాణ విచారం

ప్రస్తావన

సాక్షి ఒక్క అబద్ధమూ ఆడకపోయినా సాక్ష్యం తప్పుదారి పట్టించవచ్చు. తాను చూసినదంతా యథాతథంగా చెప్పి, తనకు కనిపించనిదాని గురించి మౌనంగా ఉండిపోయిన సాక్షి మాటను బట్టి తీర్పు ఇస్తే, ఆ తీర్పు ఎంతవరకు న్యాయమవుతుంది? వ్యవహార ధర్మంలోనూ తర్కశాస్త్రంలోనూ పాతదైన ఈ ప్రశ్న గత నాలుగు దశాబ్దాలలో విశ్వనిర్మాణ శాస్త్రంలో గణితరూపం ధరించింది. విశ్వంలోని పదార్థంలో అధికభాగం కంటికి అందదు. అందే కొద్దిపాటి గుర్తులను బట్టి అందనిదాని విస్తరణను ఊహించవలసి ఉంటుంది. ఆ గుర్తులు అన్నిచోట్లా సమంగా ఉండవు. పదార్థం దట్టంగా ఉన్నచోట మరింత గుంపుగా, పలుచగా ఉన్నచోట మరింత అరుదుగా కనిపిస్తాయి. ఈ అసమానతకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘బయాస్’.

ఈ మాటను తెలుగులో సాధారణంగా ‘పక్షపాతం’ అంటారు. ఇక్కడ ఆ అనువాదం పొసగదు. తక్కెడ ముల్లు ఒకవైపు వాలడం మొగ్గు. ఆ వాలును దాచి తూకం వేయడం పక్షపాతం. మొదటిది వస్తుధర్మం, రెండవది కర్త చేసిన పని. జ్ఞానసాధనాలకు సహజంగా ఉండే మొగ్గు ఎప్పుడు, ఎలా పక్షపాతంగా మారుతుందన్న ప్రశ్నను కృష్ణపదార్థ హేలోల అధ్యయనం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కనిపించని పదార్థం, కనిపించే గుర్తులు

1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీ సమూహాన్ని పరిశీలించి, అందులోని గెలాక్సీల వేగాలు అక్కడ కనిపించే పదార్థానికి తగినవి కావని గమనించాడు. కనిపించే పదార్థం ఒక్కటే ఉంటే ఆ సమూహం ఎప్పుడో చెదిరిపోవాలి. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ భ్రమణాన్ని కొలిచి, వెలుగు తగ్గిపోయిన అంచు ప్రాంతాలలో సైతం వేగం తగ్గడం లేదని చూపారు. ఇటువంటి ఆధారాలు పోగై, వెలుగును వెలువరించని, గురుత్వాకర్షణ ద్వారా మాత్రమే తన ఉనికిని తెలిపే కృష్ణపదార్థం ఉందన్న సిద్ధాంతం బలపడింది. ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాల ప్రకారం విశ్వంలోని మొత్తం శక్తిలో సాధారణ పదార్థం వాటా దాదాపు 5 శాతం, కృష్ణపదార్థం వాటా దాదాపు 27 శాతం.

కృష్ణపదార్థం విశ్వమంతా సమంగా పరచుకొని లేదు. తొలినాళ్లలో లక్షలో ఒక వంతు పరిమాణంలో ఉన్న హెచ్చుతగ్గులు గురుత్వాకర్షణ వల్ల పెరుగుతూ వచ్చాయి. కొంచెం దట్టంగా ఉన్న చోటు చుట్టుపక్కల పదార్థాన్ని లాక్కొని ఇంకా దట్టమైంది. అలా కుప్పకూలి ముద్దగా నిలిచిన భాగమే ‘హేలో’. చంద్రుని చుట్టూ కనిపించే వరదగుడికి ఆంగ్లంలో ఉన్న పేరే ఇది. అయితే వరదగుడి వెలుగుతో ఏర్పడేది, ఈ హేలో వెలుగు లేనిది. గెలాక్సీ వెలుగు హేలో నడిమిలో ఒక చిన్న భాగం మాత్రమే. గెలాక్సీలు ఏర్పడేది హేలోలలోనే గనుక, గెలాక్సీలను లెక్కపెట్టడమంటే ఒక రకంగా హేలోలను లెక్కపెట్టడమే. ఇక మిగిలే ప్రశ్న: హేలోల పంపకం మొత్తం పదార్థపు పంపకాన్ని ఎంత నమ్మకంగా చూపుతుంది?

వరదలో మిగిలే దిబ్బలు

ఈ ప్రశ్న ఇద్దరు సాక్షుల మాటలు పొసగకపోవడం నుంచి పుట్టింది. జార్జ్ ఏబెల్ 1958లో ప్రచురించిన జాబితాలోని గెలాక్సీ సమూహాలు ఒకదానికొకటి ఎంత గుమిగూడి ఉన్నాయో 1983 నాటికి కొలిచారు. విడి గెలాక్సీలు గుమిగూడిన తీరుతో పోలిస్తే సమూహాల గుమిగూడే తీరు పది రెట్లకు మించి బలంగా ఉంది. రెండూ ఒకే పదార్థానికి గుర్తులైతే ఇంత తేడా ఎందుకు? ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారనుకోవడం సహజం. 1984లో నిక్ కైజర్ ఇచ్చిన సమాధానం ఇద్దరినీ నిర్దోషులుగా తేల్చింది.

కైజర్ వాదాన్ని గోదావరి వరదతో పోల్చి చెప్పవచ్చు. నీటిమట్టం ఒక ఎత్తుకు చేరినప్పుడు, విశాలమైన మెరక మీద ఉన్న చిన్న దిబ్బలు సైతం నీటిపైన తేలి కనిపిస్తాయి. పల్లంలో ఉన్న దిబ్బ అంతకన్నా పొడవైనదైనా మునిగిపోతుంది. దూరాన నిలిచి దిబ్బలను మాత్రమే చూసేవానికి మెరక మీద దిబ్బలు కిక్కిరిసినట్లు, పల్లంలో భూమే లేనట్లు తోస్తుంది. నీటిమట్టం ఇంకా పెరిగితే మిగిలిన కొద్ది దిబ్బలూ అత్యంత ఎత్తయిన మెరకలకే పరిమితమై, ఆ భ్రమ మరింత గాఢమవుతుంది. దిబ్బలు అబద్ధం చెప్పడం లేదు. ప్రతి దిబ్బ కిందా నిజంగానే భూమి ఉంది. అయితే నీటిమట్టం ఎంతో తెలియకుండా దిబ్బలను బట్టి నేల ఎత్తుపల్లాలను గీస్తే, ఎత్తులూ పల్లాలూ ఉన్నవాటికన్నా ఎక్కువగా కనిపిస్తాయి.

హేలోల విషయంలో నీటిమట్టానికి బదులు సాంద్రత అవధి ఉంటుంది. పదార్థం తన బరువుకు తాను కూలి హేలోగా మారాలంటే ఆ అవధిని దాటాలి. భారీ హేలోలు అరుదైన శిఖరాలు గనుక, దట్టమైన విశాల ప్రాంతాలలోనే అధికంగా పుడతాయి. పదార్థపు సాంద్రత సగటుకన్నా ఎంత శాతం హెచ్చిందో, హేలోల సంఖ్య దానికి ఎన్ని రెట్లు హెచ్చిందో చెప్పే నిష్పత్తే బయాస్, అంటే మొగ్గు. నిష్పత్తి రెండు అయితే, పదార్థం పది శాతం ఎక్కువ ఉన్న విశాల ప్రాంతంలో హేలోలు ఇరవై శాతం ఎక్కువ ఉంటాయి.

తడి కట్టెలు: ఉపాధి విచారం

భారతీయ తర్కశాస్త్ర పరిభాషలో ఈ పరిస్థితిని చక్కగా వివరించవచ్చు. ప్రాచీనులు ఆధునిక భౌతికశాస్త్రాన్ని ముందే చెప్పారని దీని భావం కాదు. అనుమాన ప్రమాణపు లోపాలను వేరుచేయడంలో నైయాయికులు చూపిన సూక్ష్మత ఇక్కడ పనికివస్తుందని మాత్రమే.

పొగను చూసి కొండపై నిప్పు ఉందని ఊహించడం ప్రసిద్ధమైన ఉదాహరణ. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తికి భంగం లేదు. దీన్ని తిప్పి, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉంటుందంటే వ్యాప్తి చెడుతుంది. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టెల సంయోగం ఉండాలి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహంలో ఉపాధికి ఇచ్చిన ఉదాహరణ ఈ తడి కట్టెలే. ఉపాధి ఉన్న హేతువు సాధ్యాన్ని సాధించలేదు.

హేలో ఉన్నచోట పదార్థం ఉంది. ఈ వ్యాప్తి నిర్దుష్టం. పదార్థం ఉన్నచోటల్లా హేలో ఉంటుందనడం సోపాధికం. అవధిని దాటడమే ఇక్కడి ‘తడి కట్టె’. అంతేకాదు, పొగ ఎంత దట్టంగా ఉందో దాన్ని బట్టి నిప్పు ఎంత ఉందో చెప్పబోతే కట్టెల తడి ఎంతో తెలియాలి. నైయాయికుడు ఉపాధిని గుర్తించగానే ఆ హేతువును దుష్టమని పక్కన పెడతాడు. విశ్వనిర్మాణ శాస్త్రజ్ఞునికి ఆ వెసులుబాటు లేదు. అతని చేతిలో ఉన్నవి దాదాపు ఈ హేతువులే. అందువల్ల అతడు ఉపాధిని కొలవడానికి పూనుకుంటాడు. దోషంగా గుర్తించినదాన్ని రాశిగా మార్చుకోవడం ఈ శాస్త్రం వేసిన ముందడుగు.

సిమ్యులేషన్‌లో కొలత

మొగ్గును కొలవాలంటే సాక్షి చెప్పినదీ జరిగినదీ రెండూ తెలియాలి. ఆకాశంలో జరిగినది నేరుగా తెలియదు. అందుకే కంప్యూటర్‌లో ఒక కల్పిత విశ్వాన్ని నిర్మిస్తారు. ఒక ఘనాకారపు పెట్టెలో కోట్లాది కణాలను పేర్చి, తొలి విశ్వపు హెచ్చుతగ్గులను పోలిన చిన్న తేడాలను వాటికి ఇచ్చి, గురుత్వాకర్షణ నియమాన్ని అనుసరించి వాటిని కదలనిస్తారు. ఒక ముఖం నుంచి బయటికి పోయిన కణం ఎదుటి ముఖం నుంచి లోపలికి వస్తుంది. 2005లో వెలువడిన మిలీనియమ్ సిమ్యులేషన్‌లో ఒక్కో దిశలో 2160 చొప్పున, మొత్తం దాదాపు 1000 కోట్ల కణాలు ఉన్నాయి. పెట్టె ఒక్కో భుజం 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడినది.

లెక్క వర్తమానానికి చేరాక హేలోలను గుర్తించాలి. ఎక్కువగా వాడే పద్ధతిలో, కణాల సగటు దూరంలో ఐదోవంతుకన్నా దగ్గరగా ఉన్న కణాలను మిత్రులుగా భావిస్తారు. మిత్రుల మిత్రులందరినీ కలుపుకుంటూ పోగా ఏర్పడిన గుంపే హేలో. మరొక పద్ధతిలో సగటుకన్నా 200 రెట్ల సాంద్రత గల గోళాన్ని హేలోగా తీసుకుంటారు. ఏ పద్ధతిని ఎంచుకున్నారన్నదాన్ని బట్టి జాబితా కొంత మారుతుంది, మొగ్గు విలువా కొంత మారుతుంది. మిలీనియమ్ సిమ్యులేషన్‌లో మొదటి పద్ధతిన చూస్తే, వర్తమాన దశలో కణాలలో దాదాపు సగం మాత్రమే గుర్తించదగిన హేలోలలో ఉన్నాయి. తక్కిన సగం ఏ సాక్షి వెనుకా లేదు.

మొగ్గును కొలిచే మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది పోలిక. విశాలమైన దూరాలలో హేలోల హెచ్చుతగ్గులను పదార్థపు హెచ్చుతగ్గులతో పోల్చి నిష్పత్తి తీస్తారు. హేలోలు అరుదైనవి గనుక వాటిని వాటితోనే పోలిస్తే లెక్కింపులో వచ్చే యాదృచ్ఛికమైన రొద కలుస్తుంది. హేలోలను పదార్థంతో పోలిస్తే ఆ రొద చాలావరకు తగ్గుతుంది. రెండవది ప్రశ్నించే మార్గం. పెట్టె మొత్తం సగటు సాంద్రతను కొద్దిగా పెంచి, తొలి తేడాలను అలాగే ఉంచి, లెక్కను మళ్లీ నడిపి, హేలోల సంఖ్య ఎంత పెరిగిందో చూస్తారు. పరిసరం మారినప్పుడు సాక్షుల సంఖ్య ఎలా మారుతుందో నేరుగా అడగడమే ఇది. రెండు మార్గాల ఫలితాలూ ఏకీభవించడం ఈ రంగంలో విశ్వాసానికి ఒక ఆధారం.

తేలినది ఆసక్తికరం. సూర్యునికి పదివేల కోట్ల రెట్ల ద్రవ్యరాశి గల చిన్న హేలోలకు ఈనాటి విశ్వంలో మొగ్గు సుమారు 0.7. అవి హెచ్చుతగ్గులను తగ్గించి చెబుతాయి. 100 లక్షల కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల సమూహాలకు దాదాపు 2. ఇవి పెంచి చెబుతాయి. నడుమ ఎక్కడో విలువ ఒకటి అవుతుంది. అక్కడ తటస్థ సాక్షి దొరికినట్లు అనిపిస్తుంది. ఆ తటస్థతకూ స్థిరత్వం లేదు. అదే ద్రవ్యరాశి గల హేలో పూర్వదశలో అరుదైన శిఖరం గనుక దాని మొగ్గు అప్పుడు ఎక్కువ. 2005లో గావ్, స్ప్రింగెల్, వైట్ చూపిన మరొక విషయం దీన్ని ఇంకా క్లిష్టం చేసింది. ఒకే ద్రవ్యరాశి గల చిన్న హేలోలలో ముందుగా ఏర్పడినవి, ఆలస్యంగా ఏర్పడినవాటికన్నా ఎక్కువగా గుమిగూడి ఉంటాయి. సాక్షి బరువు తెలిస్తే చాలదు, పుట్టుక చరిత్రా తెలియాలి. ఎల్లకాలానికీ నిష్పక్షపాతిగా నిలిచే సాక్షి కోసం వెతకడంకన్నా ప్రతి సాక్షి మొగ్గునూ విడిగా తెలుసుకోవడం మేలని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి.

తర్కమా, ప్రమాణమా

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది. సిమ్యులేషన్‌లో తెలిసిన ‘సత్యం’ మనిషి పెట్టినదే. గురుత్వాకర్షణ నియమం, పదార్థపు వాటా, తొలి తేడాల స్వభావం అన్నీ ముందే నిర్ణయించి, చివరకు వాటి ఫలితాన్నే చూసి ఇదే విశ్వమనడం చక్రకదోషం కాదా?

న్యాయశాస్త్రంలోని తర్కానికీ ప్రమాణానికీ ఉన్న భేదం ఈ ఆక్షేపానికి సమాధానాన్ని సూచిస్తుంది. నిప్పు లేకపోతే పొగా ఉండకూడదు కదా అన్న ఆరోపం తర్కం. అది స్వయంగా జ్ఞానాన్ని పుట్టించదు. సందేహాన్ని తొలగించి ప్రమాణానికి తోడ్పడుతుంది. సిమ్యులేషన్‌ను ఈ అర్థంలో తర్కంగా భావించాలి. విశ్వం ఇలా ఉందని అది చెప్పదు. విశ్వం ఇలా ఉంటే సాక్షులు ఇలా మాట్లాడతారని చెబుతుంది. ఆ పైన ప్రమాణం ఆకాశం నుంచే రావాలి. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే కాంతి దారిలోని పదార్థమంతటి వల్లా వంగుతుంది. ఆ పదార్థం హేలోలో ఉందా, బయట ఉందా అన్న భేదం ఆ వంపుకు లేదు. డార్క్ ఎనర్జీ సర్వే వంటి పరిశీలనలలో ఈ గురుత్వ కటక ప్రభావాన్నీ గెలాక్సీల గుమిగూడే తీరునూ కలిపి చూస్తారు. ఒక సాక్షి మొగ్గును వేరొక మార్గంలో వచ్చిన సాక్ష్యంతో సరిచూడటమే ఇది. తర్కాన్ని ప్రమాణంగా చలామణి చేసినప్పుడు మాత్రమే సిమ్యులేషన్ దోషి అవుతుంది.

శూన్యం ఎదుట నియమం

కొలిచిన మొగ్గుతో భాగిస్తే సత్యం దొరికినట్లేనా? హేలోల హెచ్చు ఇరవై శాతం, మొగ్గు రెండు, కనుక పదార్థపు హెచ్చు పది శాతం. విశాల ప్రాంతాలలోని స్వల్పమైన తేడాల వరకు ఈ లెక్క చెల్లుతుంది. పదార్థం సగటుకన్నా 60 శాతం తక్కువ ఉన్న శూన్యప్రాంతానికి ఇదే నియమాన్ని అన్వయిస్తే హేలోలు 120 శాతం తక్కువ ఉండాలి. ఉన్నవాటికన్నా ఎక్కువ లేకుండా పోవడం అసంభవం. సరళమైన అనుపాతం శూన్యాల దగ్గర కుప్పకూలుతుంది. ఒక్క హేలో కూడా లేనిచోట సున్నాను దేనితో భాగించినా సున్నాయే వస్తుంది. అయినా అక్కడ 40 శాతం పదార్థం మిగిలే ఉంది.

ఈ చిన్న లెక్కలో నైతికమైన మలుపు ఉంది. సవరణ సూత్రం సాక్షులు ఉన్నచోటే పనిచేస్తుంది. సాక్షులు బొత్తిగా లేనిచోటుకు న్యాయం చేయడానికి సూత్రం చాలదు. ఆ చోటు ఖాళీ అని ప్రకటించకుండా ఉండే నిగ్రహం కావాలి. హేలోలు లేకపోవడం ఒక పరిశీలన. పదార్థం లేకపోవడం ఒక నిర్ణయం. మొదటిదాన్ని రెండవదిగా మార్చిన క్షణంలోనే మొగ్గు పక్షపాతమవుతుంది.

కృష్ణపదార్థానికి ఫిర్యాదు లేదు, దానికి అన్యాయం జరిగిందనడం అతిశయోక్తి అని ఎవరైనా అనవచ్చు. నిజమే. ఇక్కడి బాధ్యత పదార్థం పట్ల కాదు, పటాన్ని నమ్మి వాడుకునే వారి పట్ల. కైజర్ తరువాత వచ్చిన పరిశోధకులు తమ సాక్షుల లోపాన్ని ఒక అక్షరంగా సమీకరణంలో రాసి, అందరి ముందూ ఉంచారు. తరువాతివారు దాన్ని తప్పుపట్టగలిగారు, సరిదిద్దగలిగారు. దాచిన లోపాన్ని ఎవరూ దిద్దలేరు.

సాహిత్య చరిత్ర దృష్టి నుంచి

సాక్షి ద్వారా అదృశ్యాన్ని తెలుసుకునే ప్రతి శాస్త్రానికీ ఈ విచారం వర్తిస్తుంది. తెలుగు సాహిత్య చరిత్రా అటువంటిదే. నన్నయకు పూర్వపు పద్యరచన గురించి తెలిసినది ప్రధానంగా శాసనాల వల్ల. 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలోని తరువోజ, పదవ శతాబ్దికి చెందిన జినవల్లభుని కుర్క్యాల శాసనంలోని కందపద్యాలు ఆనాటికే ఛందోబద్ధమైన రచన ఉందని నిరూపిస్తాయి. అయితే రాతికెక్కడానికి ఒక అవధి ఉంది. సేనాని విజయమో, దానమో, మతాశ్రయమో, ఉలి పట్టించే స్తోమతో ఉండాలి. తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకుల మీద తిరుమల భాండారంలో భద్రమై మనదాకా వచ్చాయి. తిరగలి దగ్గర పాడిన పాటకు ఏ భాండారమూ లేదు. మిగిలినవి శిఖరాలు. వాటి కింద నేల ఉందన్నది వ్యాప్తి. శిఖరం లేనిచోట నేల లేదనడం సోపాధికం.

రెండు రంగాలకూ ఉన్న భేదాన్ని మరువరాదు. హేలోల అవధిని ఎవరూ నిర్ణయించలేదు. అది గురుత్వాకర్షణ ఫలం. గ్రంథాలు నిలవడానికీ నశించడానికీ ఉన్న అవధిలో కులం, లింగం, అధికారం, ధనం పాలుపంచుకున్నాయి. మరుగున పడినవారు మనుషులు. వారికి ఫిర్యాదు ఉంది. రెండవ భేదం ఇంతకన్నా కఠినమైనది. సాహిత్య చరిత్రకారునికి సిమ్యులేషన్ లేదు. తొమ్మిదో శతాబ్దిని మరోసారి నడిపి, ఆశ్రయం మారితే ఏ రచనలు నిలిచేవో చూడలేడు. కాబట్టి మొగ్గు ఉందని తెలిసినా అది ఎంతో చెప్పలేడు.

ఈ స్థితిలో రెండు వైపులా జారిపడే ప్రమాదం ఉంది. మిగిలినదే సమస్తమనుకుని, శాసనం లేని శతాబ్దిని కవిత్వం లేని శతాబ్దిగా లెక్కకట్టడం ఒకటి. కొలవని మొగ్గుతో భాగించి, మౌనం ఉన్నచోటల్లా మహాసాహిత్యం నశించిందని ప్రకటించడం రెండవది. మొదటిది అదృశ్యులను రద్దు చేస్తుంది. రెండవది వారి పేరుతో చరిత్రకారుడు తన కోరికను మాట్లాడిస్తుంది. రెండింటిలోనూ అదృశ్యులకు దక్కవలసిన గౌరవం దక్కదు. కొలవలేనప్పుడు చేయగలిగినది, అవధి ఏమిటో స్పష్టంగా పేర్కొనడం, వేరే మార్గంలో వచ్చే సాక్ష్యాన్ని వెతకడం. కాంతి వంపు ఖగోళశాస్త్రానికి ఎటువంటిదో, మౌఖిక సంప్రదాయం, నిఘంటువులకెక్కని మాండలిక పదం, లక్షణ గ్రంథంలో అనామకంగా మిగిలిన ఉదాహరణ పద్యం సాహిత్య చరిత్రకు అటువంటివి. వీటికీ మొగ్గు ఉంది. అయితే ఆ మొగ్గు శాసనపు మొగ్గు వంటిది కాదు. భిన్నమైన మొగ్గులు గల సాక్షులు ఏకీభవించినచోట నమ్మకం పెరుగుతుంది. విభేదించినచోట ప్రశ్న పుడుతుంది.

ఉపసంహారం

హేలోల అధ్యయనం ఇచ్చే పాఠాన్ని మూడు నియమాలుగా చెప్పుకోవచ్చు. సాక్షి మొగ్గును సాక్ష్యంతోపాటే చెప్పాలి. సాక్షి లేనిచోటును శూన్యమని నిర్ణయించరాదు. ఒకచోట సాధించిన సవరణను, అది చెల్లని చోటుకు లాక్కుపోరాదు. మొదటిది సత్యనిష్ఠ, రెండవది నిగ్రహం, మూడవది వినయం. వీటిని గణితం నుంచి నేరుగా సాధించలేము. అయితే గణితాన్ని నిజాయితీగా చేసినవారి ఆచరణలో ఇవి కనిపిస్తాయి.

వరద దిగాక నేల ఎత్తుపల్లాలు ఎవరికైనా కనిపిస్తాయి. విశ్వంలోనూ గతంలోనూ ఆ వరద ఎన్నటికీ దిగేది కాదు. దిబ్బలను చూసి నేలను గీయక తప్పని పటకర్త, ఏ నీటిమట్టం దగ్గర నిలిచి గీశాడో పటం మూలన రాసి ఉంచాలి. ఆ ఒక్క వాక్యం ఉన్న పటం అసంపూర్ణమైనా విశ్వసనీయం. అది లేని పటం ఎంత వివరంగా ఉన్నా సాక్ష్యం కాదు.